టోరెంట్‌లో ఏ ముక్క ముందు రావాలి?

టోరెంట్ అంటే ఒకే సర్వర్ నుంచి కాకుండా, అదే ఫైల్ దింపుకున్న, దింపుకుంటున్న ఇతరుల కంప్యూటర్ల నుంచి ముక్కలు ముక్కలుగా తెచ్చుకునే పద్ధతి. టోరెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రయారిటీ ‘హై’ అని పెట్టగానే అది గబగబా దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. నాలుగు ఫైళ్లున్న టోరెంట్‌లో ఒకదానికి హై పెడితే మిగతా మూడింటికంటే అది ముందు పూర్తయ్యే మాట నిజమే. మొత్తం డౌన్‌లోడ్‌కు పట్టే టైమ్ మాత్రం దానివల్ల తగ్గదు. కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. ఎందుకు పెరుగుతుందో తెలియాలంటే ఆ మెనూ వెనక సాఫ్ట్‌వేర్ ఎవరిని ఏం అడుగుతోందో, ఏ లెక్కన అడుగుతోందో చూడాలి.

బ్రామ్ కోహెన్ 2001లో విడుదల చేసిన బిట్‌టోరెంట్ ప్రోటోకాల్‌లో డేటా అంతా సమాన సైజు ముక్కలుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో వీటినే పీస్‌లంటారు. ముక్క సైజును టోరెంట్ తయారు చేసినవాళ్లు ముందే ఖాయం చేస్తారు. మామూలుగా 256 కేబీ, 512 కేబీ, 1 ఎంబీ, ఇలా రెండింతలవుతూ 16 ఎంబీ దాకా కనిపిస్తుంది. డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు దాన్ని మార్చలేరు. ప్రతి ముక్కకూ 20 బైట్ల ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ (వచ్చిన డేటా సరైనదో కాదో సరిచూసే వేలిముద్ర లాంటి అంకె) టోరెంట్ ఫైల్లోనే రాసి ఉంటుంది. అవతలివాళ్ల నుంచి తెచ్చుకునేటప్పుడు ముక్కను మళ్లీ 16 కేబీ బ్లాకులుగా అడుగుతారు. అంటే 4 ఎంబీ ముక్కలో 256 బ్లాకులుంటాయి. 255 వచ్చి ఒక్కటి రాకపోయినా ఆ ముక్క లెక్కలోకి రాదు. హ్యాష్ సరిచూడలేం, ఇంకొకరికి ఇవ్వలేం. అందుకే మొదలుపెట్టిన ముక్కలోని మిగతా బ్లాకులను ముందు అడిగి, ఆ తర్వాతే కొత్త ముక్క జోలికి వెళ్లాలన్నది కోహెన్ పెట్టిన మొదటి నియమం.

యూజర్ పెట్టే ప్రయారిటీ పనిచేసేది సరిగ్గా ఆ ‘కొత్త ముక్క ఏది?’ అన్న చోట. ఒక పీర్ (అదే టోరెంట్‌లో ఉన్న ఇంకొకరి కంప్యూటర్) మనతో కనెక్ట్ అయి ఉంది, మనం అడిగితే ఇవ్వడానికి ఒప్పుకుంది, మన దగ్గర లేని ముక్కలు దాని దగ్గర కొన్ని ఉన్నాయి. వాటిలో దేన్ని అడగాలి? ఆ ఎంపికను మాత్రమే ప్రయారిటీ మార్చగలదు. ఆ పీర్ దగ్గర లేని ముక్కను తెప్పించలేదు. మనకు ఇవ్వనన్న పీర్‌ను ఒప్పించలేదు. కొత్త పీర్లను పుట్టించలేదు. మన దేశంలో మొబైల్ డేటా మీద ఉన్నవాళ్లలో చాలామందికి ఐపీవీ4 రకం సొంత పబ్లిక్ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో బయటివాళ్లు నేరుగా చేరుకోగల చిరునామా) ఉండదు. ఐపీవీ4 మీద బయటినుంచి ఎవరూ నేరుగా వాళ్లకు కనెక్ట్ కాలేరు. అలాంటి ఇద్దరు ఒకరికొకరు దొరకడమే కష్టం. అక్కడ అసలు కొరత పీర్లది. ఫైల్‌కు మ్యాగ్జిమమ్ పెట్టినా ఆ కొరత తీరదు.

అరుదైనది ముందు

యూజర్ ఏమీ చెప్పనప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక లెక్క ప్రకారం నడుస్తుంది. కనెక్ట్ అయి ఉన్న పీర్లలో ఏ ముక్క ఎంతమంది దగ్గర ఉందో లెక్కపెట్టి, అందరికంటే తక్కువమంది దగ్గర ఉన్న ముక్కను ముందు అడుగుతుంది. దీన్నే రేరెస్ట్ ఫస్ట్ అంటారు.

హాస్టల్‌లో పరీక్షల ముందు నోట్స్ జిరాక్స్ తీసుకునే పద్ధతి ఇలాగే ఉండాలి. వంద పేజీల నోట్స్ ఒక్కడి దగ్గరే ఉంది, వాడు సాయంత్రం బస్సుకు ఊరెళ్లిపోతున్నాడు. అందరూ మొదటి పేజీ నుంచి వరుసగా కాపీ చేసుకుంటూ కూర్చుంటే, వాడు బస్సెక్కే సమయానికి అందరి దగ్గరా మొదటి నలభై పేజీలే ఉంటాయి. మిగతా అరవై ఎవరి దగ్గరా ఉండవు. తలా ఒక పేజీ తీసుకుని ఉంటే వాడు వెళ్లిపోయినా నోట్స్ మొత్తం హాస్టల్‌లోనే ఉండేది. తర్వాత తీరిగ్గా ఒకరి దగ్గర ఒకరు తీసుకోవచ్చు. టోరెంట్‌లో ఊరెళ్లిపోయేవాడు సీడర్. పూర్తి ఫైల్ ఉన్నవాళ్లు ఎప్పుడు కంప్యూటర్ కట్టేస్తారో ఎవరికీ తెలియదు.

దీనికో మినహాయింపు ఉంది. అప్పుడే కొత్తగా చేరినవాళ్ల దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు కాబట్టి, మొదటి ఒకటి రెండు ముక్కలను ఏదో ఒకటి అన్నట్టు ఎంచుకుంటారు. అరుదైన ముక్క ఒక్కరి దగ్గరే ఉంటే అది నెమ్మదిగా వస్తుంది. త్వరగా ఒక ముక్క చేతికొస్తే ఇచ్చిపుచ్చుకోవడం మొదలవుతుంది. కోహెన్ 2003లో రాసిన పరిశోధన పత్రంలో ఈ సంగతులన్నీ ఉన్నాయి. ఇంత సాదా పద్ధతి సరిపోతుందా, ఇంకా తెలివైనదేదైనా కావాలా అన్న చర్చ ఆ తర్వాత చాలా నడిచింది. ఫ్రాన్స్‌కు చెందిన పరిశోధకులు నిజమైన టోరెంట్ల మీద కొలిచి చూసి, ముక్కలు అందరి మధ్యా సమంగా పంచబడటానికి రేరెస్ట్ ఫస్ట్ చాలని 2006లో తేల్చారు.

ఇక్కడే రెండో లెక్క కూడా కలుస్తుంది. బిట్‌టోరెంట్‌లో ఇచ్చినవాడికే ఇస్తారు. కోహెన్ మొదట రాసిన పద్ధతిలో ఒక పీర్ ఒకేసారి నలుగురికి అప్‌లోడ్ చేస్తుంది. తనకు ఎవరు ఎంత వేగంగా ఇస్తున్నారో ప్రతి 10 సెకన్లకూ చూసుకుని ఆ నలుగురిని మారుస్తుంది. కొత్తవాళ్లకు అవకాశం ఉండాలని ప్రతి 30 సెకన్లకు ఒకసారి వేరొకరిని ప్రయత్నించి చూస్తుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఈ అంకెలు కొంత మారినా సూత్రం అదే. ఇప్పుడు అందరి దగ్గరా ఉన్న మొదటి ముక్కలనే పట్టుకుని కూర్చున్నవాడి సంగతి ఆలోచిస్తే, వాడి దగ్గర ఇతరులకు కావలసింది ఏదీ ఉండదు. వాడివైపు ఆసక్తి చూపేవాళ్లు తగ్గుతారు, వాడు అప్‌లోడ్ చేయలేడు, అందుకని వాడికి ఇచ్చేవాళ్లూ తగ్గుతారు. ప్రయారిటీ మార్చడంవల్ల డౌన్‌లోడ్ నెమ్మదించే దారి ఇది. అరుదైన ముక్క చేతిలో ఉన్నవాడికి ఉన్నంత గిరాకీ ఇలాంటివాడికి ఉండదు.

సీడర్లు దండిగా ఉన్న టోరెంట్‌లో ఈ నష్టం దాదాపు కనిపించదు. సీడర్‌కు మన దగ్గర కావలసింది ఏమీ లేదు కాబట్టి మనం ఏం అడిగినా దానికి తేడా లేదు. యాభై మంది సీడర్లున్న చోట వరుసగా దింపుకున్నా, తలకిందులుగా దింపుకున్నా ఒకటే. ఒకరిద్దరు సీడర్లు, నలభై మంది డౌన్‌లోడర్లు ఉన్న చోటే అసలు తేడా తెలుస్తుంది. కాబట్టి ఫలానా ఆప్షన్ మంచిదా చెడ్డదా అన్న వాదన సీడర్ల సంఖ్య చూడకుండా చేస్తే అర్థం లేనిది.

సీడర్ వైపు నుంచి కూడా ఈ కొరతను ఎదుర్కొనే ఉపాయం ఒకటుంది. సూపర్ సీడింగ్ అంటారు. ఒకే ఒక్క సీడర్ ఉన్నప్పుడు, తన దగ్గర అన్నీ ఉన్నాయని చెప్పకుండా, ఒక్కో పీర్‌కు ఒక్కో ముక్క మాత్రమే ఉన్నట్టు చూపిస్తుంది. ఆ ముక్క ఇంకెవరి దగ్గరైనా కనబడేదాకా ఆ పీర్‌కు కొత్తది చూపించదు. మామూలుగా ఇంకొక సీడర్ తయారయ్యేలోపు మొదటి సీడర్ ఫైల్ సైజుకు ఒకటిన్నర నుంచి రెండింతలు అప్‌లోడ్ చేయాల్సి వస్తే, ఈ పద్ధతిలో 105 శాతంతో సరిపోవచ్చని దాన్ని ప్రతిపాదించిన పత్రం చెబుతుంది. అక్కడ డౌన్‌లోడర్ పెట్టిన ప్రయారిటీకి విలువే లేదు. చూపించిన ముక్కను తీసుకోవడమే.

హై అంటే ఎంత హై

క్యూబిట్‌టోరెంట్, డెల్యూజ్ లాంటి సాఫ్ట్‌వేర్ల లోపల పనిచేసేది లిబ్‌టోరెంట్ అనే లైబ్రరీ, అంటే ఇతర సాఫ్ట్‌వేర్లు వాడుకునేలా రాసిపెట్టిన కోడ్. ఆర్విడ్ నార్బెర్గ్ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. దాంట్లో ప్రయారిటీ 0 నుంచి 7 దాకా ఉంటుంది. 0 అంటే దించొద్దని. క్యూబిట్‌టోరెంట్ తెర మీద కనిపించే నార్మల్ లోపల 1, హై 6, మ్యాగ్జిమమ్ 7. మధ్యలో ఉన్న అంకెలను అది మెనూలో చూపించదు.

హైకీ మ్యాగ్జిమమ్‌కీ అంకెల్లో తేడా ఒకటే గానీ పనితీరులో తేడా చాలా ఉంది. 1 నుంచి 6 వరకు లిబ్‌టోరెంట్ యూజర్ కోరికనూ ముక్క అరుదుదనాన్నీ కలిపి లెక్కగడుతుంది. హై పెట్టిన ఫైల్లోని ముక్క నిజంగా ఉన్నదానికంటే అరుదైనదన్నట్టు కనిపిస్తుంది, అంతే. అందుకే హై పెట్టినా నార్మల్ ఫైల్లోని ముక్కలు మధ్యమధ్యలో వస్తూ ఉంటాయి. ‘హై పెట్టినా వేరే ఫైల్ కదులుతోందేమిటి’ అన్న ఫిర్యాదుకు జవాబు ఇదే. నార్మల్ ఫైల్లోని ఒక ముక్క ఒక్కరి దగ్గరే ఉంటే, అది పోకముందే తెచ్చుకోవడం తెలివైన పనే కదా. 7 పెడితే మాత్రం అరుదుదనాన్ని పక్కన పెట్టేస్తుంది. ఆ ముక్కలు ఎవరి దగ్గర దొరికితే వాళ్ల దగ్గర ముందు అవే అడుగుతుంది. అందుకని, అవసరం అర్జెంటు కాకపోతే హై దగ్గరే ఆగడం మంచిది. అన్ని ఫైళ్లకూ మ్యాగ్జిమమ్ పెట్టేవాళ్లూ ఉంటారు. అలా చేస్తే ఏ ఫైలూ ముందుకు రాదు, పైగా రేరెస్ట్ ఫస్ట్ కూడా పోతుంది.

ఇంకో గందరగోళం గురించి కూడా చెప్పాలి. మొత్తం టోరెంట్‌ను క్యూలో పైకి జరపడం వేరు, టోరెంట్ లోపల ఫైల్‌కు ప్రయారిటీ పెట్టడం వేరు. మొదటిది ఏ టోరెంట్ నడవాలో ఏది ఆగాలో తేలుస్తుంది. రెండోది నడుస్తున్న టోరెంట్ లోపలి వరుసను తేలుస్తుంది. ఫైల్ ప్రయారిటీలు కంటెంట్ ట్యాబ్‌లో ఉంటాయి. మ్యాగ్నెట్ లింక్‌తో (టోరెంట్ ఫైల్ లేకుండా దాని గుర్తింపు అంకెను మాత్రమే ఇచ్చే లింక్) మొదలుపెట్టినప్పుడు ఆ జాబితా వెంటనే కనిపించకపోవడం మామూలే. ఫైళ్ల పేర్లు, హ్యాష్‌లు ఉన్న మెటాడేటాను కూడా ముందు పీర్ల నుంచే తెచ్చుకోవాలి.

వద్దన్న ఫైల్ ఎందుకు వస్తోంది

ప్రయారిటీ మెనూలో అన్నిటికంటే పనికొచ్చే ఆప్షన్ అసలు వరుసకు సంబంధించినది కాదు. అది ‘డౌన్‌లోడ్ చేయొద్దు’ అన్నది. ఎంత డేటా రావాలో అదొక్కటే నిజంగా తగ్గిస్తుంది.

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం దీనికి మంచి ఉదాహరణ. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఆర్కైవ్‌లో ఉన్నాయి. అక్కడ చాలా పుస్తకాలకు టోరెంట్ కూడా ఉంటుంది. ఒక్కో పుస్తకం కింద పీడీఎఫ్‌తో పాటు పేజీల ఫొటోలున్న పెద్ద జిప్ ఫైల్, ఓసీఆర్ చేసిన (ఫొటోల నుంచి అక్షరాలను గుర్తించి తీసిన) టెక్స్ట్, కేటలాగ్ వివరాలున్న చిన్న చిన్న ఫైళ్లు కనిపిస్తాయి. చదువుకోవడానికి కావలసింది పీడీఎఫ్ ఒక్కటే. ఫొటోల జిప్ దానికంటే చాలా రెట్లు పెద్దది కావచ్చు. దాన్ని వద్దని టిక్ తీసేస్తే డేటా ప్యాక్, డిస్క్ జాగా రెండూ మిగులుతాయి. పైగా ఆర్కైవ్ టోరెంట్లకు వెబ్ సీడ్ ఉంటుంది. అంటే పీర్లు ఎవరూ లేకపోయినా ఆర్కైవ్ సర్వరే మామూలు హెచ్‌టీటీపీ ద్వారా కావలసిన భాగాన్ని ఇస్తుంది. అన్ని ముక్కలూ ఉన్న, ఎవరినీ ప్రతిఫలం అడగని పీర్ లాంటిది ఆ సర్వర్. ప్రయారిటీ చెప్పినట్టు వినే టోరెంట్లు కావాలంటే ఇలాంటివే.

అయినా వద్దన్న ఫైల్ కొంత దిగుతుంది. పాత పద్ధతి టోరెంట్‌లో ఫైళ్లన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి అతికించి, ఆ పొడవాటి వరుసను ముక్కలుగా కోస్తారు. ఫైల్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ అయిపోయింది అన్నది కోతకు పట్టదు. 10 ఎంబీ, 3 ఎంబీ, 50 ఎంబీ సైజుల్లో మూడు ఫైళ్లున్నాయి, ముక్క సైజు 4 ఎంబీ అనుకుంటే, మధ్యలోని 3 ఎంబీ ఫైల్ 10వ ఎంబీ దగ్గర మొదలై 13వ ఎంబీ దగ్గర ముగుస్తుంది. అది 8 నుంచి 12 దాకా ఉన్న మూడో ముక్కలో కొంత, 12 నుంచి 16 దాకా ఉన్న నాలుగో ముక్కలో కొంత ఉంది. ఆ ఒక్క ఫైలే కావాలన్నా రెండు ముక్కలూ పూర్తిగా రావాలి. లేకపోతే హ్యాష్ సరిచూడటం కుదరదు. 3 ఎంబీ కోసం 8 ఎంబీ దిగింది. అందులో 2 ఎంబీ మొదటి ఫైల్‌ది, 3 ఎంబీ చివరి ఫైల్‌ది.

అదనంగా వచ్చిన ఆ డేటా ఎక్కడో ఒకచోట ఉండాలి. లిబ్‌టోరెంట్ ఆధారిత సాఫ్ట్‌వేర్లు దాన్ని పార్ట్స్ అనే ఎక్స్‌టెన్షన్‌తో దాచిన ఫైల్లో పెడతాయి. డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో పొడుగాటి హెక్స్ అంకెల పేరుతో కనబడే ఆ ఫైల్ చూసి వైరస్ ఏమోనని టెన్షన్ పడి డిలీట్ చేసేవాళ్లుంటారు. డిలీట్ చేస్తే దిగిన ఫైల్ చదవడానికి ఇబ్బందేమీ రాదు. తర్వాత రీచెక్ చేసినప్పుడు (డిస్క్‌లో ఉన్న డేటాను హ్యాష్‌లతో మళ్లీ సరిచూసినప్పుడు) మాత్రం సరిహద్దు ముక్కలు లేవని తేలి, పూర్తయిన ఫైల్ 99 శాతానికి పడిపోతుంది.

ఈ చిక్కును తీర్చడానికి రెండు దారులు వచ్చాయి. ఒకటి, ఫైళ్ల మధ్యలో సున్నాలతో నింపిన ప్యాడింగ్ ఫైళ్లు పెట్టి ప్రతి ఫైలూ కొత్త ముక్కతో మొదలయ్యేలా చూడటం. రెండోది బిట్‌టోరెంట్ రెండో వెర్షన్. దీంట్లో హ్యాష్ ఎస్‌హెచ్‌ఏ-256కు మారింది, ప్రతి ఫైల్‌కూ విడిగా హ్యాష్‌ల చెట్టు ఉంటుంది, ఒక ముక్క రెండు ఫైళ్లకు అడ్డం పడదు. 16 కేబీ బ్లాక్ స్థాయిలోనే తప్పు ఎక్కడుందో పట్టుకోవచ్చు కూడా. 2020లో వచ్చిన లిబ్‌టోరెంట్ 2.0, 2022లో వచ్చిన క్యూబిట్‌టోరెంట్ 4.4 దీన్ని అందుకున్నాయి. ఇప్పటికీ బయట తిరుగుతున్న టోరెంట్లలో ఎక్కువ పాత పద్ధతివే కాబట్టి సరిహద్దు ముక్కల గొడవ ఇంకొన్నాళ్లు తప్పదు.

ఫైళ్లు వదిలేయడంవల్ల గుంపు (ఒక టోరెంట్‌ను పంచుకుంటున్నవాళ్లందరూ) మీద పడే భారం సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఇరవై ఫైళ్ల టోరెంట్‌లో అందరూ ఒకే ఫైల్‌ను ఎంచుకుంటే ఆ ఒక్కటి పదికాలాలపాటు బతుకుతుంది. మిగతా పందొమ్మిది మొదటి సీడర్‌తోనే పోతాయి. తమకు కావలసినది పూర్తయి, ఇక అప్‌లోడ్ మాత్రమే చేసేవాళ్లను పాక్షిక సీడర్లంటారు. వాళ్లు సీడర్ల జాబితాలో కనబడకపోయినా వాళ్ల దగ్గర పనికొచ్చే ముక్కలుంటాయి. సీడర్లు సున్నా అని చూపిస్తున్న టోరెంట్ నుంచి కూడా కావలసిన ఫైల్ పూర్తిగా రావడం వెనక ఉన్న రహస్యం వీళ్లే.

మొదలూ చివరా ముందు

ఫైళ్ల స్థాయి దాటి ఒకే ఫైల్ లోపల ముందువెనకలు చూసే ఆప్షన్లు రెండున్నాయి. ఒకటి ముక్కలను వరుసగా దింపడం, రెండోది మొదటి, చివరి ముక్కలను ముందుగా దింపడం. రెండూ వీడియోల కోసం పుట్టినవే.

మొదటి ముక్కలు ఎందుకో చెప్పక్కర్లేదు. చివరివి ఎందుకన్నది ఫైల్ ఫార్మాట్‌ను బట్టి ఉంటుంది. ఎంపీ4 ఫైల్లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే సూచిక భాగాన్ని మూవ్ అంటారు. ఎన్‌కోడ్ చేసేటప్పుడు ఫ్రేములన్నీ రాశాకే అది తయారవుతుంది కాబట్టి చాలా ఫైళ్లలో చివర్లోనే ఉండిపోతుంది. అది లేకుండా ప్లేయర్ మొదటి సెకను కూడా ఆడించలేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఫాస్ట్‌స్టార్ట్ అనే ఆప్షన్ పెట్టి తయారుచేస్తే అది ముందుకొస్తుంది. అప్పుడు చివరి ముక్క అవసరమే లేదు. ఎంకేవీ దీనికంటే మెరుగు. దాని సూచిక కూడా తరచు చివర్లోనే ఉన్నా, అది లేకపోతే ముందుకీ వెనక్కీ దూకడం కష్టమవుతుంది గానీ మొదటినుంచి ఆడించడానికి అడ్డం కాదు. పాత ఏవీఐ ఫైళ్ల సూచిక కూడా చివరే. క్యూబిట్‌టోరెంట్ ఈ ఆప్షన్ కింద ఒక్క ముక్కతో సరిపెట్టకుండా ఫైల్ సైజులో సుమారు 1 శాతం చొప్పున రెండు చివర్లా ముందు తెస్తుంది. ఏవీఐ సూచిక అంత పెద్దదిగా ఉండొచ్చన్న అంచనాతో పెట్టిన లెక్క అది. 1.5 జీబీ ఫైల్లో, 2 ఎంబీ ముక్కలైతే, ఒక్కో చివర ఏడెనిమిది ముక్కలు.

జిప్ ఫైల్‌కు కూడా చివరి ముక్క విలువైనదే. లోపల ఏమేమి ఫైళ్లున్నాయో చెప్పే జాబితా జిప్‌లో చివర్లో ఉంటుంది. ఐఎస్‌ఓ ఫైళ్ల (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసినవి) విషయంలో మాత్రం ఈ ఆప్షన్లేవీ ముట్టుకోకూడదు. డెబియన్ లినక్స్ ఇన్‌స్టాల్ చేయడానికి 95 శాతం ఐఎస్‌ఓ పనికిరాదు. మొత్తం వచ్చాకే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఏ ముక్క ముందొచ్చినా ఒరిగేదేమీ లేదు. కివిక్స్ అనే ప్రాజెక్టు ఇచ్చే ఆఫ్‌లైన్ వికీపీడియా ‘జిమ్’ (ZIM) రకం ఫైళ్లదీ అదే దారి. లక్షల వ్యాసాలు ఒకే ఫైల్లో ఉంటాయి. ‘నాకు ఈ పది వ్యాసాలే కావాలి’ అని టోరెంట్‌తో చెప్పడం కుదరదు.

మొదటి, చివరి ముక్కలు ముందు తెప్పించడంవల్ల గుంపుకు జరిగే నష్టం దాదాపు శూన్యం. నూటికి రెండు ముక్కల సంగతే అది. పైగా వచ్చింది సరైన ఫైలా కాదా, ప్రింట్ ఎలా ఉందన్నది మొదట్లోనే చూసుకోవచ్చు. నకిలీ ఫైల్ మొత్తం దించుకుని తర్వాత తలపట్టుకోవడం కంటే ఇది నయం. ఎఫ్ఏటీ32తో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకో మెమరీ కార్డులోకో నేరుగా దించుకునేవాళ్లు మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి. ఆ ఫైల్ సిస్టమ్‌లో ఫైల్ మధ్యలో ఖాళీలు వదలడం కుదరదు. చివరి ముక్క రాయాలంటే అంతదాకా జాగా కేటాయించాలి. 10 ఎంబీ కూడా రాకముందే కార్డు నిండిపోయినట్టు కనిపించేది అందుకే.

వరుసగా దింపే ఆప్షన్ మీదే అసలు గొడవంతా. ట్రాన్స్‌మిషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎంతమంది అడిగినా ఏళ్ల తరబడి ఇది పెట్టలేదు. అందరూ వరుసగా దింపుకుంటే అందరి దగ్గరా ముందు సగం ఉండి వెనక సగం ఎవరి దగ్గరా లేని పరిస్థితి వస్తుందన్న భయం న్యాయమైనదే. అయితే గుంపులో నూటికి ఐదుగురు వరుసగా దింపుకున్నంత మాత్రాన కొంప మునగదు. మిగతావాళ్ల రేరెస్ట్ ఫస్ట్ ఆ ఖాళీని పూడుస్తుంది. దింపుకోవడం అయ్యాక వాళ్లు సీడ్ చేస్తూ ఉంటే నష్టం ఇంకా తగ్గుతుంది. అసలు ఇబ్బంది కొత్తగా పెట్టిన, ఒకే సీడర్ ఉన్న టోరెంట్లతోనే. అక్కడ ఈ ఆప్షన్ వాడటం తోటివాళ్ల నోటి దగ్గర కూడు లాగడమే.

వరుసగా దింపుతూ చూడటం కుదురుతుందా లేదా అన్నది చిన్న లెక్క. రెండు గంటల వీడియో 1.5 జీబీ ఉందంటే సెకనుకు సుమారు 208 కేబీ ఖర్చవుతుంది. 2 ఎంబీ ముక్క పది సెకన్ల వీడియోకు సమానం. డౌన్‌లోడ్ వేగం నిలకడగా 300 కేబీ ఉంటే బేఫికర్. 150 కేబీయే ఉంటే మొత్తం దిగడానికి 10,000 సెకన్లు పడుతుంది, చూడటానికి 7,200 సెకన్లే. మధ్యలో ఆగకుండా చూడాలంటే ముందుగా 2,800 సెకన్లు, అంటే దాదాపు 47 నిమిషాలు ఆగి ఆ తర్వాత ప్లే నొక్కాలి. ప్రయారిటీతో ఈ 47 నిమిషాలు తగ్గవు.

అంతే కాకుండా, వరుసగా అడగడం వేరు, వరుసగా రావడం వేరు. 41వ ముక్కలోని నాలుగు బ్లాకులు ఒక నత్తనడక పీర్ చేతిలో పడ్డాయనుకుంటే, 42 నుంచి 60 దాకా మిగతా పీర్ల నుంచి వచ్చేస్తాయి, 41 మాత్రం రాదు. ప్లేయర్ అక్కడే చక్రం తిప్పుతూ కూర్చుంటుంది. అందుకే స్ట్రీమింగ్ కోసమే రాసిన సాఫ్ట్‌వేర్లు ఉత్త వరుసతో సరిపెట్టుకోవు. లిబ్‌టోరెంట్‌లో ముక్కకు గడువు పెట్టే ఏర్పాటు ఉంది. ఇంత సమయంలోపు ఈ ముక్క కావాలి అని చెబితే, గడువు దగ్గరపడిన బ్లాకులను వేగంగా ఇచ్చే పీర్లను అడుగుతుంది. ఆలస్యమైతే అదే బ్లాక్‌ను ఇంకొకరినీ అడుగుతుంది. గడువు లేని మిగతా ముక్కలను మామూలుగా రేరెస్ట్ ఫస్ట్ ప్రకారమే తెచ్చుకోవచ్చు. చూసేవాళ్లు వీడియోను ఓ గంట ముందుకు జరిపితే గడువులు కూడా అక్కడికి జరుగుతాయి. వరుస పద్ధతికి ఆ తెలివి లేదు. గంట ముందుకు దూకినా అది వెనక ఎక్కడో ఉన్న తన తర్వాతి ముక్కనే అడుగుతుంది. యూజర్‌కూ గుంపుకూ ఇద్దరికీ తక్కువ నష్టం చేసేది గడువు పద్ధతే. మామూలు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ల మెనూల్లో మాత్రం ఇప్పటికీ ఎక్కువగా కనబడేది వరుసే.

99 దగ్గర ఆగిపోతే

చివరి శాతం దగ్గర ఆగిపోయిన డౌన్‌లోడ్‌కు ప్రయారిటీ మార్చి చూడటం చాలామంది చేసే మొదటి పని. దానివల్ల ఏమీ జరగదు. మిగిలినవి కొన్ని ముక్కలే అయినప్పుడు ముందువెనకలకు అర్థం లేదు. సాఫ్ట్‌వేర్ అప్పటికే ఎండ్‌గేమ్ అనే పద్ధతిలోకి మారి, మిగిలిన బ్లాకులను ఆ ముక్క ఉన్న వేర్వేరు పీర్లను ఏకకాలంలో అడుగుతూ, ఒకరి నుంచి రాగానే మిగతావాళ్లకు క్యాన్సిల్ పంపుతూ ఉంటుంది.

అప్పుడు చూడాల్సింది అవైలబిలిటీ అంకె. క్యూబిట్‌టోరెంట్‌లో జనరల్ ట్యాబ్ పైన గీతల పట్టీ పక్కనే ఉంటుంది. అది 1 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, కనెక్ట్ అయి ఉన్న పీర్లందరి దగ్గరున్నదీ కలిపితే కనీసం ఒక పూర్తి కాపీ ఉన్నట్టు. ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. 0.99 అని ఉంటే కనీసం ఒక ముక్క ప్రస్తుతం కనెక్ట్ అయినవాళ్లెవరి దగ్గరా లేదు. అప్పుడు ట్రాకర్లు (పీర్ల జాబితా ఇచ్చే సర్వర్లు) పనిచేస్తున్నాయా, డీహెచ్‌టీ (ట్రాకర్ లేకుండానే పీర్లను వెతికే ఏర్పాటు) ఆన్‌లో ఉందా చూసుకోవాలి. ఇదే ఫైల్‌కు వెబ్ సీడ్ ఉందేమో వెతకాలి. అవతల లేనిది ఒక మూలనున్న కవర్ ఫొటో తాలూకు ముక్క అయితే దాన్ని వద్దని టిక్ తీసేసి, మిగతా ఫైళ్లు తెరిచి చూసుకోవచ్చు. లేనిది పీడీఎఫ్ మధ్యలోని ముక్క అయితే, అది ఉన్న సీడర్ మళ్లీ ఆన్‌లైన్‌కు వచ్చేదాకా టోరెంట్‌ను తీసేయకుండా అలాగే నడవనివ్వాలి. ఈలోగా మన దగ్గరున్న 99 శాతం వేరేవాళ్లకు అప్‌లోడ్ అవుతూనే ఉంటుంది.